రోడ్డు దాటిన మైసమ్మ

పోయిన వారం రాజకుమారిని కంచం ముందు కూర్చోబెట్టి వదిలేశాం. కలిపిన ముద్ద చేతిలోనే ఉంది, నోటిదాకా పోలేదు. "అవ్వా, మైసమ్మ జరిగింది," అన్నది ఆ పిల్ల, తల్లి సారక్కతో. ఆ తర్వాత ఎంత అడిగినా మాట పెగల్లేదు.

సారక్కకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు జైపాల్ బొగ్గు బాయిలోకి, అంటే గనిలోకి, దిగుతాడు. బొగ్గు కొత్తగా తవ్విన చోట నెత్తి మీద కప్పు కూలకుండా బోల్టులు బిగించే పని. చిన్నది రాజకుమారి సర్వే చదువుకుని కొలతల పనిలో చేరింది. దేశం నక్షలన్నిటినీ, అంటే మ్యాపులన్నిటినీ, ఉపగ్రహాల లెక్కకు మారుస్తున్నారట. గోదావరిఖని చుట్టూ తాతల నాటి సర్వే రాళ్లు ఎన్ని ఉన్నాయో వెతికి, ఒక్కోదాని మీద ముక్కాలి స్టాండు నిలబెట్టి, పైన తెల్ల డబ్బా బిగించి, ఆకాశంతో మాట్లాడించడం ఆ పిల్ల కొలువు. ఒకరు కింద, ఒకరు పైన. భూమి కింద ఉన్నవాడి కోసం వణికితే చాలు, పైన ఉన్నదాని గురించి నిమ్మళంగా ఉండొచ్చు అనుకుంది సారక్క. భయంలో పొదుపు చేద్దామనుకున్న తల్లి ఎక్కడైనా గెలిచిందా?

తెల్లవారింది. జైపాల్ మొదటి షిఫ్టుకు పోయాడు. వాడు గేటు దాటేదాకా చూసి, ఆ తర్వాత కూడా కాసేపు ఖాళీ గేటును చూసి, సారక్క పెరట్లోకి వచ్చింది. రాజకుమారి పళ్లు తోముకుంటూ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కోపమొచ్చి జరిగిందా, బిడ్డా?"

"ఎవరు?"

"మైసమ్మ తల్లి. మొన్న బోనాలకు కోడిని కొయ్యకుండ కొబ్బరికాయతోని సరిపెట్టిండు మీ బాపు. నేను అప్పుడే అన్న, గిది మంచిది కాదని. నా మాట ఎవరు ఇన్నరు?"

రాజకుమారికి నవ్వు రాబోయి ఆగిపోయింది. నోట్లో నురగ ఉమ్మి, బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది. "కోపం కాదే అవ్వా. కొలత. పాత నక్షలు ఇంగ్లీషోళ్ల కాలం లెక్క మీద గీసినయి. ఇప్పుడు ఉపగ్రహాల లెక్క వచ్చింది. పాత చాప తీసి కొత్త చాప పరిస్తే, దాని మీది పూలన్నీ కొంచెం కొంచెం జరిగి కనబడతయి గదా. గట్లనే ఊర్లు, గుట్టలు, రాళ్లు, అన్నీ కాగితం మీద జరుగుతయి. భూమి మీద ఏదీ జరగదు."

"మరి ఏడుపెందుకు?"

"అన్నీ ఒక్కతీరుగ జరగాలె. నేను కొలిచిన రాళ్లన్నీ ఒక్కతీరుగనే జరిగినయి. మైసమ్మ రాయి ఒక్కటి వాటికంటె ముప్పై ఎనిమిది మీటర్లు ఎక్కువ జరిగింది."

సారక్కకు మీటర్ల లెక్క బట్టల కొట్టు దాకానే తెలుసు. ఒక చీర ఐదున్నర. ఏడు చీరలు వరసగా పరిస్తే ముప్పై ఎనిమిది దాటుతుంది. ఏడు చీరలంటే ఎంత మేర? మనసులోనే మైసమ్మ గుడి నుంచి ఇంటి ముందు లారీల రోడ్డుకు అడ్డంగా చీరలు పరుచుకుంటూ పోయింది. ఏడో చీర కొంగు రోడ్డు అవతల చాయ్ హోటల్ వెనక్కి చేరింది. ఆమెకు గుండె కుదుటపడింది. రాత్రంతా ఇంతదానికా తాను మొక్కులు మొక్కింది?

"ఓసి పిచ్చిదానా. గది మేము జరిపిందే గదనే."

రాజకుమారి చేతిలో బ్రష్షు కింద పడింది. తీసుకోలేదు.

"నువ్వు కరీంనగర్ హాస్టల్ల ఉంటివి," అన్నది సారక్క, తేలికపడిన గొంతుతో. "బొగ్గు లారీల కోసం రోడ్డు పెద్దది చేస్తమని డోజర్ తెచ్చిన్రు. తల్లి మీదికెళ్లి పోనిస్తమా? వాడకట్టంత కలిసి, బోనమెత్తి, కొమురెల్లి మామ డప్పు కొడుతుంటె, మీ బాపు, ఇంకో నలుగురు భుజాల మీద తల్లిని ఎత్తుకుని ఇవతలికి తెచ్చుకున్నం. పసుపు పూసింది నేనే."

అసలు ఆ రాయి మైసమ్మ ఎట్లా అయిందో ఈ వాడకట్టులో ముసలివాళ్లకు మాత్రమే తెలుసు. వాళ్ల తాతల కాలంలో టోపీలు పెట్టుకున్న సర్కారు మనుషులు ఎక్కడినుంచో వచ్చి, రాతి మీద గుండ్రంగా గీత చెక్కి, నడుమ చుక్క పెట్టి పాతిపోయారట. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా దాని చుట్టూ శుభ్రం చేసి, సున్నం పూసి, దారానికి కట్టిన ఇత్తడి గుండును దాని మీద వేలాడదీసి, నడుము వంచి ఒంటికంటితో చుక్కనే చూస్తూ ఉండేవారట. అంత పెద్ద అధికారులు అన్నిసార్లు వంగుతుంటే, అక్కడ తల్లి ఉందని కాక ఇంకేమనుకుంటారు? మొక్కారు. ఆపదలు తీరాయి. మైసమ్మ అయింది.

"మరి మా ఆఫీసు త్రివిక్రమ్ సార్ అడిగితే ఎందుకు చెప్పలే?" అడిగింది రాజకుమారి. "నేను కొలువుల చేరకముందే సార్ వచ్చి, ఈ రాయి ఎప్పుడన్న కదిలిందా అని అందర్నీ అడిగిండట గదా."

సారక్క చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "గదెట్ల చెప్తమే? రోడ్డు ఇంకింత పెద్దది చేస్తమని మళ్ల వచ్చిన్రు గద ఒకపారి. మన వరుస ఇండ్లన్నీ పోతుండె. తాతల కాలం నుంచి మైసమ్మ గుడి గిక్కడనే ఉన్నది, కదిపితే ఊకునేది లేదన్నం. వాళ్లు రోడ్డును అవతలికి కొంచెం పెంచుకున్నరు, తల్లి పాత చోటు దాక పోలే. అప్పటిసంది ఏ ఆఫీసరు వచ్చి అడిగినా అందరిది ఒక్కటే మాట. తాతల కాలం నుంచి గిక్కడనే."

కూతురు మొహం చూశాక సారక్క నవ్వు ఆగిపోయింది.

"అవ్వా, రోడ్డు అవతల, భూమి కింద, మూసేసిన పాత బాయి ఉన్నది. ఎప్పుడో మూసిన్రు. నీళ్లతోని నిండి ఉన్నది. దాంట్లకు ఎవరూ పోలేరు. ఎక్కడిదాక తవ్విన్రో నక్ష చూస్తెనే తెలుస్తది. ఆ నక్ష మొత్తం ఈ మైసమ్మ రాయి నుంచి కొలిచి గీసింది."

"అయితే?"

"కొత్త లెక్కకు మార్చేటప్పుడు, ఇప్పుడు రాయి ఎక్కడున్నదో అక్కడ డబ్బా పెట్టి కొలిచిన్రు. పాత బాయిని దాన్నుంచి గీసుకున్నరు. రాయి మన దిక్కు వచ్చింది గదా, కాగితం మీద పాత బాయి గూడ మన దిక్కు వచ్చింది. ముప్పై ఎనిమిది మీటర్లు. నిజం బాయి రాలే. అది ఉన్న కాడనే ఉన్నది. దానికి ఇంకా అవతల తవ్వుతున్న కొత్త బాయికి దగ్గర్ల."

సారక్క మనసులో పరిచిన ఏడు చీరలను మళ్లీ లెక్కపెట్టింది.

"నీళ్ల బాయికి, పని జరిగే బాయికి నడుమ అరవై మీటర్ల బొగ్గు గోడ తవ్వకుండ విడిచిపెట్టాలె. కాగితం మీద అరవై ఉన్నది. నిజంగ ఇరవయ్యో, ఇంకా తక్కువనో." రాజకుమారి వేలితో నేల మీద రెండు గీతలు పక్కపక్కన గీసింది. "రాయే కదిలిందని ఎవరికి అనుమానమొస్తది? దేశం మొత్తం కాగితం మీద జరుగుతున్నది. దాంట్ల నిజంగ జరిగిన రాయి ఒకటి ఉంటదని ఎవరనుకుంటరు? పాత కాలం కొలత, ఏదో తప్పు ఉండి ఉంటదని సర్దేసిన్రు."

ఆ గోడ దగ్గర పని చేసేది ఎవరని సారక్క అడగలేదు. జైపాల్ పది రోజుల కిందటే చెప్పాడు. కొత్త సెక్షన్‌కు వేసిన్రవ్వా, పాత బాయి దిక్కు, గాలి మంచిగా ఆడుతున్నది, ఫికర్ చెయ్యకు అన్నాడు. తల్లికి ఎప్పుడూ మంచి సంగతులే చెప్తాడు వాడు.

ఆమె చెయ్యి తనంతట తానే నడుముకున్న ఫోన్ తీసి కొడుకు నంబరు నొక్కింది. ఇంట్లో కిటికీ మీద వాడి ఫోన్ మోగింది. బాయిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా అది మోగి మోగి ఆగేదాకా వింటూ నిలబడింది.

రాజకుమారి ఫోన్ చేసిన అరగంటలోపే త్రివిక్రమ్ జీపులో దిగాడు. మంథని మనిషి. కొలతల పని చేసే ఏజెన్సీలో పెద్ద. గొంతు పెంచడం, పనివాళ్లను కసరడం ఎరగడు. జీపు దిగుతూనే గుడి వైపు చూశాడు. చిన్న గుడి, రేకుల పందిరి, ముందర ఇత్తడి గంట. గంట కింద సారక్క మొగుడు బిక్షం నిలబడి ఉన్నాడు. జీపు ఆగిన చప్పుడుకు ఇళ్లలోంచి జనం కూడా వచ్చారు. సర్కారు జీపు అనుకున్నారు.

"బిక్షం గారూ, ఇంకొకసారి అడుగుతున్నాను," అన్నాడు త్రివిక్రమ్. "ఈ రాయి ఎప్పుడైనా కదిలిందా?"

"తాతల కాలం నుంచి గిక్కడనే ఉన్నది సార్."

ఆలోచించి చెప్పిన మాట కాదు అది. తుమ్ము వచ్చినట్టు వచ్చింది. వెనకాల నలుగురు తలలూపారు. బిక్షం చెల్లెలు వరసయ్యే మల్లక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని ముందుకు వచ్చింది. "ఏమే రాజకుమారీ, సదువుకున్నవని మైసమ్మనే కొలుస్తున్నవా? రేపు మీ బాపును కొలిచి, నువ్వు మా బాపువే కాదంటవు."

కొందరు నవ్వారు. రాజకుమారి నవ్వలేదు. "బాపూ, నిజం చెప్పు. ఎక్కడుండె?"

"చెప్పిన గద."

"బాపూ."

"ఇంటికి పోయి మాట్లాడుకుందం." బిక్షం కూతురి వైపు కాక భార్య వైపు చూశాడు. "సారక్కా, పిల్లను తీస్కపో."

త్రివిక్రమ్ ఇబ్బందిగా తల్లీకూతుళ్లను చూశాడు. "రాజకుమారీ, ఊరంతా ఒక మాట అంటోంది. నువ్వొక్కదానివి ఒకటి అంటున్నావు. బాయిలో సెక్షన్ ఆపమని నేను ఎవరి మాట మీద చెప్పాలి?"

"అనుమానం మీద చెప్పాలె సార్. ఆపినంక వెతుకుదం."

అతని చెయ్యి ఫోన్ ఉన్న జేబు దాకా పోయి ఆగింది. ఆ ఆగడం చూసింది సారక్క. జేబు అంచున ఆగిన ఆ చేతికి, భూమి కింద ఎక్కడో గోడ ముందు నిలబడి నెత్తి మీదికి చెయ్యి చాచిన కొడుక్కి మధ్య ఇంకేమీ లేదనిపించింది. తన చుట్టూ ఉన్నవాళ్లు పరాయివాళ్లు కాదు. జైపాల్ పుట్టినప్పుడు ఉడుకు నీళ్లు పెట్టింది మల్లక్క. ఇంటి కప్పు లేచిపోయిన గాలివానలో తమను పండబెట్టుకుంది పక్కింటివాళ్లు. వీళ్లందరి గోడలూ ఒక్క మాట మీద నిలబడి ఉన్నాయి. తన గోడ కూడా.

"అబద్ధం సార్," అన్నది సారక్క.

గంట కింద నిలబడ్డ బిక్షం తల తిప్పుకుని గుడిలోకి చూశాడు.

"తల్లి రోడ్డు అవతల ఉండె. మేమే ఇవతలికి తెచ్చినం. పసుపు పూసిన చేతులు గివి."

"సారక్కా," మల్లక్క గొంతు పళ్ల మధ్యనుంచి వచ్చింది. "నీ ఇల్లు గూడ గీ వరుసలనే ఉన్నది. మర్సినవా?"

"మర్వలే. నా ఇంట్ల పండేటోడు ఇప్పుడు యాడ ఉన్నడో మీ అన్నను అడుగు."

బిక్షానికి కోపం వచ్చింది. "జైపాల్‌కు దీనికి ఏం సంబంధమే? ఆడు డ్యూటీకి పోయిండు."

అప్పుడు రాజకుమారి చెప్పింది. పెరట్లో తల్లికి చెప్పినంత సేపు పట్టలేదు. బిక్షం ముప్పై ఏళ్లు బాయి పని చేసినవాడు. "పాత బాయి నక్షకు ఈ రాయే మొదలు, బాపూ," అనే మాట దగ్గరే అతని చెయ్యి పైకి లేచి గంట నాలుకను పట్టుకుంది, ఎవరో దాన్ని మోగించబోతున్నట్టు. మిగతాది అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. నీళ్ల బాయి తెగితే ఏమవుతుందో ఈ వాడకట్టులో అతనికంటే ఎక్కువ తెలిసినవాడు లేడు. చీకట్లో ఆ చప్పుడు ఎట్లా వస్తుందో తెలిసినవాళ్లతో కలిసి చాయ్ తాగినవాడు.

అతను రోడ్డు దాటాడు. లారీ వస్తోందో లేదో చూసుకోలేదు. హారన్లు మోగాయి, ఒక డ్రైవర్ బూతు తిట్టాడు. చాయ్ హోటల్ వెనక్కి పోయి, తుమ్మపొద పక్కన నిలబడి, మడమతో నేల మీద గీత గీశాడు.

"గిక్కడ," అని అరిచాడు అవతలినుంచి. "సార్, గిక్కడుండె. జల్ది చెయ్యిన్రి ఫోన్."

త్రివిక్రమ్ అప్పటికే చేశాడు. ఒక చెవి మూసుకుని, గుడి వెనక గోడ నీడలో నిలబడి మేనేజరుతో మాట్లాడుతున్నాడు. అతని మాటల్లో సారక్కకు "వెంటనే" అన్నది ఒక్కటే వినిపించింది. అతను దాన్ని మూడుసార్లు అన్నాడు. గొంతు పెంచడం ఎరగని మనిషి మూడోసారి అరిచాడు.

ఆ తర్వాత ఎదురుచూపు. ఊరికే నిలబడలేక బిక్షం చాయ్ హోటల్‌వాళ్ల గడ్డపార అడిగి తీసుకుని, గీత గీసిన చోట పొడవడం మొదలుపెట్టాడు. త్రివిక్రమ్ అటు వెళ్లి, పాతకాలం సర్వే రాళ్లకు సరిగ్గా కిందనే, అదే గుర్తుతో ఇంకో రాయిని భూమిలో దాచేవాళ్లని చెప్పాడు. పై రాయి పోయినా చోటు పోకుండా ఉండటానికి. మోకాలి లోతున గడ్డపార టంగుమన్నది. మన్ను చేతులతో తీశారు. గుండ్రటి గీత, నడుమ చుక్క. పసుపు లేదు, కుంకుమ లేదు, నిన్న చెక్కినట్టు శుభ్రంగా ఉంది.

మల్లక్క చెప్పులు విడిచి నిలబడింది, ఎవరూ చెప్పకుండానే.

త్రివిక్రమ్ ఫోన్ మోగింది. విన్నాడు. కళ్లు మూసుకుని, తెరిచాడు.

"అందరూ వెనక్కి వచ్చేశారమ్మా. ఆ సెక్షన్ ఖాళీ. మీ అబ్బాయి పేరు చెప్పి మరీ అడిగాను. ఉన్నాడు, బాగున్నాడు."

సారక్క ఉన్నచోటనే మట్టిలో కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు, నీళ్లు కూడా అడగలేదు. మల్లక్కే చాయ్ హోటల్ నుంచి గ్లాసుతో తెచ్చి, నోటికి అందించి, "తాగు," అన్నది. తర్వాత మెల్లగా, "ఇగ ఇండ్లు పోయినట్టేనా వదినా," అన్నది. ఆ మాటలో నిష్ఠూరం ఉందో లేదో సారక్క వెతకలేదు. కొడుకు ఉన్నాడు. ఇల్లు లేకపోతే చెట్టు కింద వండి పెడతాను అనుకుంది.

"పైకి ఎప్పుడు వస్తడు సార్?" అని అడిగింది రాజకుమారి.

"షిఫ్టు అయ్యాకే. పని ఆగకూడదని వాళ్లను అటు చివర సెక్షన్‌లోకి పంపారట, మూడు ఫర్లాంగుల అవతల." త్రివిక్రమ్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "అక్కడ భయం లేదు. అటు కూడా నీళ్లు నిండిన పాత పని ఉంది కానీ, దాని నక్షకు ఈ రాయితో సంబంధం లేదు. దానికి వేరే రాయి ఉంది. మొదట్లోనే మావాళ్లు దాన్ని కొలిచారు, నువ్వు ఇంకా సరిచూడలేదు, రేపో ఎల్లుండో వెళ్దాం."

డప్పు కొట్టే కొమురెల్లి తాత గుంత అంచున గొంతుక్కూర్చుని ఉన్నాడు. చెయ్యి చాచి, అడుగు రాయి మీద గీతను వేలితో తడుముతున్నాడు.

"పోశమ్మ కింద గూడ గిట్లాంటిదే ఉండె," అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు. "లేపినప్పుడు చూసిన. ఏందో అనుకుని మళ్ల మన్ను కప్పేసినం."

త్రివిక్రమ్ చేతిలో రుమాలు ఆగింది. "ఏ పోశమ్మ?"

"ఇంకే పోశమ్మ సార్, అటు కొసకున్న పోశమ్మ. మీరు సున్నం గీత గీసి పోలేదా మొన్న, గదే."

"ఆమెను లేపడమేంటి తాతా? నేను చెప్పిన ఆ వేరే రాయి అదే, అక్కడ కూడా అడిగాను. తాతల కాలం నుంచి అక్కడే ఉందన్నారు."

"అంటరు గద," అన్నాడు కొమురెల్లి, అందులో ఆశ్చర్యమేముందన్నట్టు. "వాళ్లకు గూడ ఇండ్లున్నయి."

సారక్క గ్లాసు కింద పెట్టి లేచింది.

"ఎంత దూరం జరిపిన్రు తాతా?" రాజకుమారి అతని ముందు మోకాళ్ల మీద కూలబడింది. "ఏ దిక్కు?"

ముసలాయన ఆలోచించాడు. డప్పు కొట్టేవాడి లెక్క అతనిది. "మైసమ్మను తెచ్చిననాడు డప్పు మళ్ల కాకబెట్టుడు అక్కర పడలే. పోశమ్మకు తొవ్వ దూరమై తోలు సల్లవడితె, ఒకపారి ఆగి, మంటేసి కాకబెట్టుకున్నం." ఆ తర్వాత చెయ్యెత్తి, బాయి ఉన్న దిక్కుకు వీపు చేసి, ఇటువైపు చూపించాడు. "బాయికి దూరంగనే బిడ్డా. బ్లాస్టింగు చప్పుడుకు తల్లి దడుసుకుంటున్నదని తెచ్చుకున్నం."

"అంటే అక్కడ గూడ నీళ్లు నక్షకంటె దగ్గరనే సార్," అన్నది రాజకుమారి.

త్రివిక్రమ్ మేనేజరు నంబరు నొక్కి చెవికి ఆనించుకున్నాడు. లైన్ బిజీగా ఉంది.